చైనా పొడి, అత్తయ్య పెరుగు, థైరాయిడ్ మాత్ర

సింగపూర్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు, సొంతూరు వేయవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. ఇంట్లో భర్త, ఏడేళ్ల బాబు. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. రెండేళ్లుగా కడుపు కుదురుగా లేదు. పొద్దున్నే మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కు పరుగెత్తాలి. వెళ్లొస్తే నొప్పి కాస్త తగ్గుతుంది. సాయంత్రానికి పొట్ట ఉబ్బి బట్టలు బిగుతవుతాయి. నెలాఖరు లెక్కల రోజుల్లో ఈ బాధ రెట్టింపు. క్లినిక్‌లో డాక్టర్ మామూలు రక్తపరీక్షలు, పొట్ట స్కాన్ చేయించి, "అంతా నార్మల్, ఐబీఎస్ అయి ఉంటుంది, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఐబీఎస్ అంటే పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకుండానే పేగు ఇలా సతాయించే జబ్బు. స్పెషలిస్టుకు రాసిచ్చారు. ఆ అపాయింట్‌మెంట్ వచ్చే నెలలో ఉంది.

ఈలోగా ఆఫీసులో పక్క సీటు చైనీస్ అమ్మాయి, తమ కుటుంబం ఎప్పుడూ వెళ్లే సంప్రదాయ చైనా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లింది. ఆయనకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, ఈ అమ్మాయే మధ్యలో అనువాదం చేసింది. ఆయన నాలుక చూశారు, రెండు చేతుల నాడి పట్టుకున్నారు. నాలుక అంచుల మీద పళ్ల గుర్తులు, పైన తెల్లటి మందపాటి పూత ఉన్నాయని, ప్లీహం (స్ప్లీన్) బలహీనంగా ఉండి ఒంట్లో తేమ పేరుకుందని చెప్పారు. వేడినీళ్లలో కలుపుకునే పొడి పొట్లాలు ఇచ్చారు. ఐస్ నీళ్లు, పచ్చి సలాడ్లు, పాలు, పెరుగు, తీపి మానేసి, రాత్రికి అల్లం వేసిన బియ్యం జావ తాగమన్నారు. ఐదు వారాలయ్యేసరికి బాధ సగానికి తగ్గిందట.

అప్పుడే అత్తగారు ఊరి నుంచి వచ్చారు. "పెరుగన్నం తినకపోతే కడుపు చల్లబడేదెలా? మన దగ్గర లేని వైద్యమా, చైనా పొడి తాగాలా?" అని ఆవిడ. "స్కాన్‌లో ప్లీహం శుభ్రంగా ఉంది కదా, ఆయన ఏం చూసి చెప్పాడు?" అని భర్త. పైగా మూలికలతో కిడ్నీలు పోయాయన్న వార్తలు రోజుకొకటి ఫోన్‌కు పంపుతున్నారు. గొడవ ఎందుకని ఈమె పొట్లాలు ఆఫీసు డ్రాయర్‌లో పెట్టి అక్కడే తాగుతున్నారు. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. ఆ సంగతి చైనా వైద్యుడికి చెప్పలేదు, పొడి సంగతి క్లినిక్‌లో చెప్పలేదు. ఉత్తరం ఆఖర్న ఒక్క ముక్క: ఈ ఏడాది రెండో బిడ్డ కోసం అనుకుంటున్నారు. "పొడి కొనసాగించనా, మానేయనా? అత్తయ్యకు ఏం చెప్పను?" అని అడిగారు.

మీరు ఆఖర్న రాసిన ముక్కే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. దాని దగ్గరకు వస్తాను. ముందు మీవారి ప్రశ్న చూద్దాం, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న.

చైనా వైద్యుడు ప్లీహం అన్నప్పుడు స్కాన్‌లో కనిపించే అవయవాన్ని ఉద్దేశించి అనరు. తిన్నదాన్ని అరిగించి, అందులోని సారాన్ని ఒంటికి అందించే పని మొత్తానికి వాళ్ల సంప్రదాయంలో అది ఒక పేరు. మన ఆయుర్వేదంలో జఠరాగ్ని అన్నట్టే, అగ్నిని ఏ స్కానూ చూపించదు. వాళ్లు తేమ అనేదానికి మనవాళ్లు చెప్పే ఆమం, అంటే సరిగ్గా అరగక ఒంట్లో మిగిలేది, దగ్గరగా ఉంటుంది, అచ్చంగా ఒకటే కాకపోయినా. కాబట్టి స్కాన్ నార్మల్ రావడం ఆయన మాట అబద్ధమని తేల్చదు. నిజమనీ తేల్చదు. అది మరో పద్ధతిలో చేసిన వర్ణన, అంతే. పేగులో పుండు లేదనో, రక్తహీనత లేదనో చెప్పే శక్తి ఆ వర్ణనకు లేదు. అది మీ క్లినిక్ డాక్టర్ పని.

ప్లీహం గురించిన ఈ ఆలోచనను చైనాలో బలంగా నిలబెట్టిన వైద్యుడు లీ దోంగ్‌యువాన్, 1180లో పుట్టి 1251లో పోయాడు. 1232లో మంగోలులు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించినప్పుడు ఆయన ఆ ఊళ్లోనే ఉన్నాడు. ముట్టడి సడలాక జనం గుంపులుగా చచ్చిపోతుంటే, మిగతా వైద్యులు బయటి నుంచి సోకిన జ్వరమని మందులిచ్చారు. ఆయన మాత్రం వేళకు తిండి లేక, ఒళ్లు హూనమై, భయంతో నలిగి, అరిగించుకునే శక్తే కుంగిపోయిందని వాదించాడు. అప్పటి మరణాలకు అసలు కారణం ఏమిటన్నది వేరే చర్చ. తిండి, అలసట, మనసు మూడూ కలిసి కడుపును దెబ్బతీస్తాయన్న ఆయన మాట నెలాఖరు లెక్కలతో కడుపు మెలితిరిగే మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. నేటి డాక్టర్లు కూడా ఐబీఎస్‌ను పేగుకూ మెదడుకూ మధ్య సంకేతాలు దారితప్పిన జబ్బుగానే చూస్తున్నారు.

ఇక పొట్లాలు. మీరు రాసి పంపిన పేర్లు చూస్తే ఇది పాతకాలం నుంచి బాగా వాడుకలో ఉన్న మూలికల కూర్పులాగే ఉంది. డాంగ్‌షెన్ జిన్సెంగ్‌కు బదులు వాడే చవక వేరు. బైజూ ఒక వేరు, ఫూలింగ్ పైన్ చెట్ల వేళ్ల మీద పెరిగే శిలీంధ్రం. చెన్‌పి అంటే ఎండబెట్టి చాలాకాలం నిల్వ ఉంచిన కమలా తొక్క. షారెన్ మన యాలకుల కుటుంబానిది. గాన్‌త్సావ్ మన అతిమధురమే. మూషియాంగ్ చెంగల్వకోష్టు, హిమాలయాల మొక్క, ఒకప్పుడు మన దేశం నుంచే ఓడల్లో చైనాకు వెళ్లేది. మీ అత్తగారు చైనా పొడి అని ఈసడిస్తున్న పొట్లంలో సగం సరుకు ఆవిడకు తెలిసిందే. మిగిలిన బాన్‌షియా అనే దుంప పచ్చిగా విషం. అల్లంతో శుద్ధి చేశాకే వాడతారు.

ఇవి పనిచేస్తాయా? 1998లో ఆస్ట్రేలియాలో 116 మంది ఐబీఎస్ రోగులతో చేసిన పరీక్షలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే చైనా మూలికలు తీసుకున్నవాళ్లు ఎక్కువ మేలు పొందారు. మనిషిని చూసి రాసిన మందు తీసుకున్నవాళ్లలో ఆ మేలు మందు ఆపాక కూడా కొన్ని వారాలు నిలిచింది. హాంకాంగ్‌లో విరేచనాల రకం ఐబీఎస్ ఉన్న 119 మందితో చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో మాత్రం మూలికలకూ ఉత్తుత్తి మందుకూ తేడా రాలేదు. ఇందులో మీవారు గెలిచిందీ లేదు, మీ స్నేహితురాలు గెలిచిందీ లేదు. కొందరికి ఉపయోగపడొచ్చు, నమ్మకంగా చెప్పేంత ఆధారం లేదు. ఎవరైనా ఆక్యుపంక్చర్ కూడా చేయించుకోమంటే, ఐబీఎస్‌లో ఉత్తుత్తి సూదులకంటే అది మెరుగని ఇంకా గట్టిగా తేలలేదని గుర్తుంచుకోండి.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వివరం మరొకటి ఉంది. పొడి మొదలుపెట్టక ముందు మీ రోజు ఎలా ఉండేదో రాశారు: పొద్దున ఒక ఐస్ కోపి (అక్కడి చల్ల కాఫీ), మధ్యాహ్నం సలాడ్ బౌల్, నాలుగింటికి ఇంకో ఐస్ కోపి, రాత్రి ఉల్లిపాయలు దండిగా వేసిన కూరతో చపాతీలు. సింగపూర్‌లో ఏమీ చెప్పకుండా కోపి అడిగితే కండెన్స్‌డ్ మిల్క్ పోసి ఇస్తారని మీకు తెలుసు. కాఫీ పేగును తొందరపెడుతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పెద్దయ్యాక మన దక్షిణాదివాళ్లలో చాలామందికి అరగదు. గోధుమలో, ఉల్లిలో, వెల్లుల్లిలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలుంటాయి. అవి చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరి, అక్కడ బ్యాక్టీరియా చేత పులిసి గ్యాస్ అవుతాయి. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ రూపొందించిన ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతి మొదట కట్టడి చేయమనేది వీటినే. మీరు చైనా వైద్యుడి మాట విని ఐస్ కోపి, పాలు మానేశారు. జావకు మారడంతో చపాతీ, ఉల్లి కూర వాటంతటవే పోయాయి. తెల్లబియ్యం గ్యాస్ పుట్టించని ధాన్యం. అంటే తెలియకుండానే మీరు సగం ఫాడ్‌మ్యాప్ పథ్యం చేస్తున్నారు.

మేలు పొడిదా, పథ్యానిదా? ఐదు వారాల్లో రెండూ కలిసి జరిగాయి కాబట్టి మీరూ చెప్పలేరు, ఆయనా చెప్పలేడు. తెలుసుకునే దారి ఉంది. పథ్యం అలాగే ఉంచి, వైద్యుడికి చెప్పి పొడి మాత్రం రెండు వారాలు ఆపండి. ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు ఉబ్బింది, ఏం తిన్నారు, ఆఫీసులో ఒత్తిడి ఎలా ఉంది, రోజూ రెండు లైన్లు రాయండి. నెలాఖరును తప్పించి మొదలుపెట్టండి, లేకపోతే లెక్క తారుమారవుతుంది.

ఇప్పుడు థైరాయిడ్. దీన్ని మీరు పక్కన పడేశారు, నాకు మాత్రం ఇదీ బిడ్డ సంగతంత ముఖ్యమే అనిపించింది. థైరాయిడ్ మాత్ర మోతాదు అవసరానికి మించితే విరేచనాలు, గుండెదడ, నిద్రపట్టకపోవడం వస్తాయి. మీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చివరిసారి ఎప్పుడు చూశారో ఉత్తరంలో లేదు. ఈ వారమే చూపించుకోండి. రెండోది, ఆ మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీతో పాటు పడితే ఒంటికి సరిగ్గా పట్టదు. పొడితో ఎలా ఉంటుందో ఎవరూ సరిగ్గా కొలవలేదు కాబట్టి, రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం పెట్టడం తెలివైన పని. మూడోది, థైరాయిడ్ సమస్య రోగనిరోధక వ్యవస్థ పొరపాటు వల్ల వచ్చినవాళ్లలో సీలియాక్ అనే గోధుమ పడని జబ్బు మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. మన దక్షిణాదిలో అరుదే. కానీ ఒక్క రక్తపరీక్షతో తేలే విషయాన్ని వదిలేయడమెందుకు? మెలిక ఏమిటంటే, గోధుమ తింటూ ఉంటేనే ఆ పరీక్ష నిజం చెబుతుంది. మీరు చపాతీలు మానేసి ఐదు వారాలైంది. స్పెషలిస్టుకు ఈ మాట చెప్పకపోతే తప్పుగా నార్మల్ రావచ్చు. పరీక్షకు ముందు కొన్ని వారాలు మళ్లీ గోధుమ తినమని ఆయన చెప్పొచ్చు, కడుపు కాస్త గొణిగినా వినండి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్: వీటిలో ఏదైనా ఉంటే వచ్చే నెల దాకా ఆగవద్దు. మీరు ఏదీ రాయలేదు. అడగందే రాయనివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

బిడ్డ సంగతి. ప్రయత్నం మొదలుపెట్టాక నెల తప్పిందని తెలిసేలోపే రెండు మూడు వారాలు గడిచిపోతాయి. ఆ రోజుల్లో ఏం తాగుతున్నారన్నది ముఖ్యం. బాన్‌షియా విషయంలో చైనా వైద్యులే గర్భిణులకు జాగ్రత్తలు చెబుతారు. అతిమధురం ఎక్కువకాలం ఎక్కువగా వాడితే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు అదనపు జాగ్రత్త అవసరం. ఇంకో మూలిక పేరు గుర్తుపెట్టుకోండి, మీ పొట్లాల్లో లేదు గానీ విరేచనాలకు రాసే అవకాశం ఉంది: హువాంగ్‌లియాన్, చేదు పసుపు వేరు. మన మానుపసుపులో ఉండే బెర్బెరిన్ దీంట్లోనూ ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన శిశువులకు దీనివల్ల కామెర్లు వస్తున్నాయని సింగపూర్ ప్రభుత్వం 1978లో నిషేధించి, 2013 నుంచి దశలవారీగా సడలించింది. కడుపుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ దాని జోలికి పోవద్దు.

కాబట్టి నా అభిప్రాయం అడిగితే, గర్భం కోసం ప్రయత్నించే నెలల్లో పొడి ఆపి, పథ్యం ఉంచుకోవడం మీకు నష్టం తక్కువ ఉన్న దారి. పొడి ఆపితే బాధ మళ్లీ కొంత పెరగొచ్చు. పెరిగితే అప్పుడు స్పెషలిస్టు చేతిలో వేరే మందులున్నాయి, వాటిలో గర్భానికి సరిపడేవి ఏవో ఆయనే చెబుతారు. రెండో దారి, ప్రయత్నాన్ని మూడు నాలుగు నెలలు వాయిదా వేసి, ఆలోగా పొడి పూర్తిగా వాడి చూసి, కడుపూ థైరాయిడూ రెండూ దారికొచ్చాక మొదలుపెట్టడం. 36 ఏళ్లకు మూడు నెలలు పెద్ద ఆలస్యం కాదు, ఏడాదికి సాగితే మాత్రం ఆలోచించాలి. ఈ దారిలో వెళ్తే మధ్యలో ఒకసారి లివర్, కిడ్నీ పరీక్షలు చేయించండి. మూడో దారి, ఇప్పుడున్నట్టే ఎవరికీ చెప్పకుండా డ్రాయర్‌లో పెట్టుకుని తాగడం. అది మాత్రం వద్దు. ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో ఏ డాక్టరూ కనిపెట్టలేరు.

మీవారు పంపే కిడ్నీ వార్తలు కల్పన కాదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందుల్లో ఒక చైనా మూలికకు బదులు పేరు కలిసిన మరో మూలిక పడింది. వందమందికి పైగా స్త్రీల కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం అరిస్టలోకియా జాతి మొక్కల్లోని ఆమ్లం. కానీ ఆ జాతి మొక్కలు మన ఊళ్లలోనూ ఉన్నాయి: గాడిదగడపాకు, ఈశ్వరి వేరు. కాబట్టి భయపడాల్సింది దేశాన్ని చూసి కాదు. ఫలానా మొక్కను చూసి, దాన్ని ఎవరు గుర్తుపట్టి ఇస్తున్నారో చూసి. మీరున్న చోట ఒక సదుపాయం ఉంది. 2000లో వచ్చిన చట్టం ప్రకారం సింగపూర్‌లో చైనా వైద్యులు రిజిస్టర్ అయి ఉండాలి. ఆయన పేరు ఆ జాబితాలో ఉందో లేదో మీవారినే ఆన్‌లైన్‌లో చూడమనండి. పొట్లాల మీద ప్రతి మూలిక పేరూ, పరిమాణమూ ఉండాలి. పేరు లేని మాత్రలు ఇస్తే తీసుకోవద్దు, అలాంటివాటిలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు అక్కడి అధికారులు చాలాసార్లు పట్టుకున్నారు. వార్తలు పంపే మనిషికి ఒక పని అప్పగిస్తే వార్తలు తగ్గుతాయని నా నమ్మకం.

అత్తగారితో వాదన అనవసరం. రాత్రిపూట పెరుగు తినవద్దని ఆయుర్వేదమే అంటుంది. చల్లనీళ్లు అగ్నిని చంపుతాయనీ అంటుంది. ఆవిడ నమ్మే వైద్యమూ, మీ చైనా వైద్యుడూ ఈ రెండు విషయాల్లో ఒకే మాట మీద ఉన్నారు. ఆ మాట ఆవిడకు మీరు చెబితే ఒకలా ఉంటుంది, "అత్తయ్యా, చిన్నప్పుడు మీ ఇంట్లో రాత్రిళ్లు పెరుగు పెట్టేవాళ్లా, మజ్జిగా?" అని అడిగితే ఇంకోలా ఉంటుంది. పెరుగు జీవితాంతం మానాలనేం లేదు. తోడుకున్న పెరుగులో పాలకంటే లాక్టోజ్ తక్కువ. పొడి ఆపిన రెండు వారాలు గడిచాక, మధ్యాహ్నం పూట ఆవిడ చేతి పల్చటి మజ్జిగ, జీలకర్ర పొడి వేసి, ఫ్రిజ్‌లో పెట్టనిది, అరగ్లాసుతో మొదలుపెట్టండి. మూడు రోజులు పడితే గ్లాసు. వంటలో ఉల్లి, వెల్లుల్లికి బదులు ఇంగువ, అల్లం, కరివేపాకుతో తాలింపు పెట్టమని ఆవిడనే అడగండి. మిరియాల చారు, మెత్తటి అన్నం ఆవిడకు చేతనైనట్టు సింగపూర్‌లో ఎవరికీ చేతకాదు. కందిపప్పు మాత్రం కొన్నాళ్లు తక్కువగా. ఇంగువ కొనేటప్పుడు వెనక చదవండి, కొన్ని బ్రాండ్లలో గోధుమపిండి కలుపుతారు.

పథ్యాన్ని మరీ బిగించొద్దు. పాలు, పెరుగు, పళ్లు, పప్పులు అన్నీ నెలల తరబడి మానేస్తే కాల్షియం, ప్రొటీన్ తగ్గిపోతాయి, బిడ్డ కోసం చూసేవాళ్లకు అది అసలు పనికిరాదు. ఒక్కో పదార్థాన్నీ మూడు నాలుగు రోజుల ఎడంతో తిరిగి తెచ్చుకోవాలి, ఏది పడిందో రాసుకోవాలి. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టాలా అని క్లినిక్‌లో అడగండి. మొదలుపెట్టమనే అంటారు.

ఒక ఊహ. థైరాయిడ్ సంగతి, రెండో బిడ్డ సంగతి ఆ వైద్యుడికి చెప్పకపోవడానికి కారణం మీ సహోద్యోగి పక్కన ఉండటమేనేమో. ఆఫీసులో ఆ కబురు తెలియకూడదనుకోవడం సహజం. ఈసారి ఒంటరిగా వెళ్లండి. మాత్ర పేరు, మోతాదు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నామన్న మాట ఫోన్‌లో చైనీస్‌లోకి మార్చి, స్క్రీన్ ఆయనకు చూపించండి. ఆయన పొట్లం మార్చినా, ఆపమన్నా, మూలికల పేర్లు కాగితం మీద రాయించుకుని, అదే కాగితాన్ని వచ్చే నెల స్పెషలిస్టు దగ్గరకు పట్టుకెళ్లండి.